బిరుసు వెంట్రుకల ఈగలు: లావేరు మొక్కజొన్న చేలో ఫొటోల డైరీ

నవంబరు ఆఖరు

లావేరు, రణస్థలం వైపు ఇప్పుడు ఎటు చూసినా మొక్కజొన్నే. మా మావయ్య చేను లావేరు మండలంలో ఉంది. ఈ రబీ అంతా ఆ చేలోనూ చుట్టుపక్కల గట్ల మీదా వాలే బూడిదరంగు ఈగల్ని ఫొటోలు తీసి, ఏది ఏదో వేరుచేసే పని పెట్టుకున్నాను. డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్తాను కాబట్టి మైక్రోస్కోపు నాకు అందుబాటులోనే ఉంది. అయినా పని ఫొటోలతోనే చెయ్యాలని పట్టు. మైక్రోస్కోపు రైతు దగ్గర ఉండదు, ఫోను ఉంటుంది.

మొక్కజొన్నని తినే కత్తెర పురుగు 2018లో కర్ణాటకలో కనబడింది, అదే ఏడాది మన రాష్ట్రంలోకీ దిగింది. తలమీద తిరగేసిన వై గుర్తు, తోక దగ్గర చతురస్రంగా నాలుగు నల్ల చుక్కలు. ఇప్పుడు ఈ చుట్టుపక్కల ఊళ్ళల్లో బడిపిల్లలు కూడా దాన్ని చూడగానే పేరు చెప్పేస్తారు. దాని ఒంట్లో పెరిగి, దాన్ని లోపల్నుంచి తినేసి బయటికొచ్చే ఈగని మాత్రం గుర్తుపట్టేవాళ్ళు లేరు. అక్షింతల పురుగు బొమ్మ గోడపోస్టర్ల మీద ఉంటుంది, పురుగు గుడ్లలో పెరిగే బుల్లి కందిరీగ ట్రైకోగ్రామా కార్డు గురించి రైతు సేవా కేంద్రంలో చెప్తారు. ఈ ఈగకి ఎక్కడా చోటు లేదు, చూడ్డానికి ఇంట్లో ఈగలాగే ఉంటుంది మరి.

వీటిది టాకినిడే కుటుంబం. ప్రపంచంలో ఇప్పటివరకు పేరు పెట్టిన జాతులే ఎనిమిదిన్నర వేలకు పైన. దాదాపు అన్నీ మరో కీటకం ఒంట్లో పెరిగేవే. మన వైపు ఆసియా టాకినిడ్‌లన్నిటినీ ఒక వరసలో పెట్టి, ఏ ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) ఎక్కడుంటుందో, ఏ పురుగుని ఆశిస్తుందో సర్దినవాడు రోజర్ క్రాస్కీ అనే కీటక శాస్త్రవేత్త, 1976లో. ఆ తరవాత చాలా పేర్లు మారాయి గానీ ఇప్పటికీ మొదలుపెట్టేది అక్కణ్ణుంచే.

నా ప్రశ్న చిన్నది: చేలో తీసిన ఫొటో చూసి ఎంతవరకు పేరు చెప్పొచ్చు, ఎక్కడ ఆగిపోవాలి?

డిసెంబరు మొదటి వారం

సరంజామా గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఫోనుకి తగిలించే క్లిప్ మాక్రో లెన్సు, ఫ్లాష్ వెలుగు మెత్తబడ్డానికి ముందు అతికించిన ట్రేసింగ్ కాగితం, ఒక మిల్లీమీటరు గ్రాఫు కాగితం, గాజు సీసాలు. డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరా ఉంటే ఇంకా మంచిదే, కానీ మొక్కజొన్న సాళ్ళ మధ్య దాన్ని మోసుకు తిరగడం కష్టం. ఆకు అంచులు చేతులు కోసేస్తాయి.

వేళ మాత్రం ముఖ్యం. ఈ నెలలో తెల్లవారి మంచు పడుతోంది. ఎండ పొడిచేదాకా ఈగలు ఆకుమీద కదలకుండా కూచుంటాయి. ఎండ చురుక్కుమన్నాక దగ్గరికి కూడా రానివ్వవు. పేనుబంక పట్టిన మొక్కలు ముందే చూసి పెట్టుకుంటే మేలు. ఆ జిగట తీపి నాకడానికి టాకినిడ్‌లు అక్కడికే వస్తాయి. గట్టుమీద ఎవరైనా నాలుగు ధనియాల మొక్కలు వేసి అవి పూతకొస్తే అక్కడా దొరుకుతాయి.

డిసెంబరు రెండో వారం

ఫోల్డరు నిండుతోంది. అన్నీ బూడిదరంగు ఈగలే. కొన్ని మాంసపు ఈగలు, కొన్ని ఇంటి ఈగలు, కొన్ని టాకినిడ్‌లు. మొదట తేలాల్సింది కుటుంబం. ఇది తేలకుండా ఎవరైనా జాతి పేరు చెప్తే నేను నమ్మను.

వీపు మీది చారల దగ్గర చాలామంది ఆగిపోతారు. మాంసపు ఈగకి బూడిదరంగు వీపు మీద మూడు నల్ల చారలు కొట్టొచ్చినట్టు ఉంటాయి. పొట్ట మీద నలుపు, వెండిరంగు గళ్ళు ఉంటాయి, ఆ గళ్ళు వెలుగు పడే వైపుని బట్టి చోటు మార్చుకుంటాయి. ఇంటి ఈగకి నాలుగు చారలు. టాకినిడ్‌లలోనూ నాలుగు చారలవి బోలెడున్నాయి, వాటిలో కొన్నిటికి పొట్టమీద వెండి పూత కూడా ఉంటుంది. కాబట్టి చారలు లెక్కపెట్టి పేరు పెట్టడం కుదరదు. అనుమానం రావడానికి పనికొస్తాయి, అంతవరకే.

రెక్క ఈనె సంగతి కూడా ఇంతే. టాకినిడ్ రెక్కలో మధ్య ఈనె చివర దాకా వచ్చి ఒక్కసారి పైకి మళ్ళుతుందని పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. నిజమే, చాలావాటికి మళ్ళుతుంది. ఇంటి ఈగకీ అలాగే మళ్ళుతుంది, మాంసపు ఈగకీ మళ్ళుతుంది. ఆ వంపు కనబడకపోతే కొన్నిటిని పక్కన పెట్టొచ్చు గానీ, కనబడిందని టాకినిడ్ అనడానికి లేదు.

బాగా పనికొచ్చింది మీసం. ఈగకి కళ్ళ మధ్య వేలాడే చిన్న మీసం మీద ఒక సన్న పోగు ఉంటుంది, అరిస్టా అంటారు. ఇంటి ఈగకి ఆ పోగు రెండు వైపులా చివరి దాకా ఈకలాగా వెంట్రుకలుంటాయి. మాంసపు ఈగల్లో చాలావాటికి మొదట సగం దాకానే ఉండి, ఆ పైన నున్నగా ఉంటుంది. టాకినిడ్‌లలో ఎక్కువవాటికి పోగు మొత్తం నున్నన. ఎక్కువవాటికి అన్నాను, అన్నిటికీ కాదు. డెక్సీనే అనే ఉపకుటుంబంలో ఈకల పోగు ఉన్నవీ ఉన్నాయి. అయినా ముఖం పక్కనుంచి తీసిన ఒక్క మంచి ఫొటో ఉంటే ఫోల్డరులో సగం గందరగోళం పోతుంది. నేల వైపు వంగి, ఈగ కంటి ఎత్తులో లెన్సు పెట్టి తియ్యాలి. పైనుంచి తీస్తే పోగు ముఖంలో కలిసిపోతుంది.

అన్నిటికంటే గట్టి ఆనవాలు వీపు చివర ఉంది. ఈగ వీపు వెనక్కి సాగి త్రికోణంలాగా ముగుస్తుంది కదా, అది స్కుటెల్లం. దాని కింద, పొట్ట మొదలయ్యే ముందు, టాకినిడ్‌కి ఇంకో ఉబ్బు ఉంటుంది, చూరు కింద చిన్న మూకుడు బోర్లించినట్టు. దాన్ని సబ్‌స్కుటెల్లం అంటారు. మాంసపు ఈగకీ ఇంటి ఈగకీ ఆ చోటు చదునుగానో లోపలికి నొక్కుకుపోయో ఉంటుంది. ఈ ఉబ్బు పైనుంచి చస్తే కనబడదు. సరిగ్గా పక్కనుంచి, రెక్క కొంచెం ఎత్తినప్పుడో పక్కకి జరిగినప్పుడో తియ్యాలి. మంచులో బిగుసుకున్న ఈగ ఎండ తగిలి రెక్కలు దులుపుకునే ఆ కాసేపే అదను. వరసగా నొక్కుతూ పోతే అందులో ఒకటైనా పనికొస్తుంది.

మొన్న ఒక ఆకుమీద దొరికిన ఈగ సంగతి రాస్తాను. పొడుగు పది మిల్లీమీటర్ల లోపే. ముఖం వెండిరంగు, కళ్ళ మధ్య నల్ల పట్టీ. మీసం పోగు నున్నగా, మొదట్లో మందంగా ఉండి కొసకి దారం అయిపోయింది. పొట్ట చివరి ఖండాల మీద నిలువునా నిలబడ్డ నల్లటి బిరుసు వెంట్రుకలు, ఒక్కోటీ విడిగా లెక్కపెట్టగలిగేటంత లావు. అది పక్కకి తిరిగి వెనక కాళ్ళతో రెక్క తుడుచుకుంటూంటే స్కుటెల్లం కింద ఆ ఉబ్బు స్పష్టంగా కనబడింది, దానిమీద మంచుబొట్టు ఒకటి నిలిచి ఉంది. ఈ ఫొటోకి "టాకినిడే" అని రాశాను, ప్రశ్నార్థకం లేకుండా. అంతకు మించి ఏమీ రాయలేదు, అందులో అంతకు మించి లేదు కాబట్టి.

డిసెంబరు ఆఖరు

ఈగ వెనక పడ్డం కంటే పురుగు దగ్గర కాపు వెయ్యడం మంచిదని తేలుతోంది.

మొక్కజొన్న సుడి విప్పి, తడి పెంట తోసి చూస్తే లోపల కత్తెర పురుగు ఉంటుంది. వాటిలో కొన్నిటికి తల వెనక, మెడ మడతల్లో, తెల్లగా నూకగింజ కంటే చిన్న గుడ్లు అతుక్కుని ఉన్నాయి. లెన్సులోంచి చూస్తే పైన కోలగా ఉబ్బి, అడుగు చదునుగా, తోలుకి గట్టిగా అంటుకుని ఉంటాయి. ఎక్సోరిస్టా ప్రజాతి ఈగలు ఇలాగే బయటికి కనబడేటట్టు పెద్ద గుడ్లు పెడతాయి. పురుగు నోటితో పీక్కోడానికి అందని చోటు కాబట్టి మెడ దగ్గర పెట్టిన గుడ్డు బతుకుతుంది.

అన్ని టాకినిడ్‌లూ ఇలా చెయ్యవు. కొన్ని ప్రజాతులు కంటికి ఆననంత చిన్న గుడ్లు ఆకుమీద పెడతాయి, పురుగు ఆకుతోపాటు వాటిని మింగేస్తుంది. కొన్ని నేరుగా పిల్లపురుగునే వదుల్తాయి. కాండం తొలిచే పురుగుల్ని ఆశించే స్టర్మియాప్సిస్ ఇన్ఫెరెన్స్ ఈగ బెజ్జం దగ్గర పిల్లల్ని వదిలితే, అవే సొరంగంలోకి పాక్కుంటూ వెళ్ళి పురుగుని వెతుక్కుంటాయి. అంటే గుడ్డు ఎక్కడ, ఎలా ఉందన్న ఒక్క ఫొటో, పెద్ద ఈగ వీపు ఫొటోలు ఎన్నున్నా చెప్పలేనిది చెప్పేస్తుంది. కత్తెర పురుగు మెడమీద తెల్లటి పెద్ద గుడ్డు కనబడిందంటే ఆకుమీద గుడ్లు పెట్టే తెగలన్నీ అక్కడికక్కడే జాబితాలోంచి పోతాయి.

మావయ్య గట్టుమీద నిలబడి చూస్తున్నాడు. "ఏటల్లుడా, పురుగుని నలిపీకుండా డబ్బాలో ఎట్టుకుంతన్నావు? పెంచుతావేటి?" అన్నాడు.

"పురుగుని కాదు మావయ్యా, దానిమీద గుడ్డుంది చూడు, దాన్ని."

లెన్సు చేతికిచ్చాను. చాలాసేపు చూసి, "ఇది దీని గుడ్డు కాదేటి?" అన్నాడు. గొంగళి గుడ్డు పెట్టదు, రెక్కల పురుగయ్యాకే పెడుతుందని చెప్పాక ఇంకోసారి చూశాడు. అప్పట్నించి సుడి విప్పినప్పుడల్లా మెడకేసి చూస్తున్నాడు. తెల్లచుక్క ఉన్నవాటిని పక్కన పెడుతున్నాడు.

ఒక మెలిక ఉంది. గుడ్డు పొదిగేలోపు పురుగు కుబుసం విడిస్తే ఆ గుడ్డు తోలుతోపాటు రాలిపోతుంది, పురుగు బతికిపోతుంది. గుడ్డు కనబడ్డ ప్రతి పురుగూ చస్తుందని రాసుకోకూడదు. పొదిగాక ఏమైందో కూడా ఫొటోలో దొరుకుతుంది. ఈగపిల్ల తోలు తొలుచుకుని లోపలికి వెళ్ళిన చోట నల్లటి మచ్చ పడుతుంది. లోపల అది పురుగు ఒంట్లో తయారైన గరాటులాంటి గొట్టంలో తోక పెట్టుకుని బయటి గాలి పీలుస్తుంది. ఆ మచ్చ దాని ముక్కున్న చోటన్నమాట. తెల్ల గుడ్డు పక్కనే నల్లమచ్చ ఉంటే లోపల ఈగ ఉన్నట్టే లెక్క.

పట్టుపురుగులు పెంచేవాళ్ళకి ఈ నల్లమచ్చ పరిచయమే. వాళ్ళు ఊజీ ఈగ అనేది ఎక్సోరిస్టా బాంబిసిస్, ఇదే ప్రజాతి. 1980లో పశ్చిమ బెంగాల్ నుంచి కర్ణాటకకి చేరి, అక్కడి పట్టు రైతుల్ని ముంచింది. ఈగపిల్ల గూడు చిల్లుపెట్టుకుని బయటికొస్తే దారం తెగిపోయి ఆ గూడు తీతకి పనికిరాదు. ఒకే ప్రజాతి ఈగలు అక్కడ పట్టుకి చేటు, ఇక్కడ మొక్కజొన్నకి మేలు చేస్తున్నాయి.

సంక్రాంతి ముందు

డబ్బాల పని. కత్తెర పురుగులు ఒకదాన్నొకటి తినేస్తాయి, అందుకని డబ్బాకి ఒక్కటే. అడుగున టిష్యూ కాగితం, రోజూ లేత ఆకు, మూతకి పల్చటి గుడ్డ. డబ్బామీద పెన్సిల్‌తో ఏ చేను, ఏ తేదీ, గుడ్డుందా లేదా అన్నది రాశాను. మా ఫైనలియర్ అమ్మాయి ఒకతె ఇంటి దగ్గర కొన్ని డబ్బాలు చూస్తానని తీసుకెళ్ళింది. పండక్కి ఇల్లు సున్నం వేస్తున్నారట, డబ్బాలు దేవుడి గూట్లో పెట్టిందట.

మంచి విద్యార్థిని. ప్రతి పురుగుకీ ఒక గడి గీసి, అందులో "బతికుంది, తింటోంది" "బతికుంది, తినట్లేదు" "చచ్చిపోయింది, కుళ్ళు వాసన" అని రాస్తోంది. ఈ చివరి మాట చాలా విలువైనది. చచ్చి కుళ్ళిన పురుగులోంచి కూడా ఈగలొస్తాయి. మాంసపు ఈగలు కుళ్ళు వాసన తగిలితే చాలు, ఎక్కడో సందులోంచి వచ్చి పిల్లల్ని వదిలిపోతాయి. గుడ్డ వదులుగా ఉన్న డబ్బాలో దొరికిన ఈగ పరాన్నజీవో, శవం తినడానికొచ్చిందో ఈగని చూసి చెప్పడం కష్టం. పురుగు బతికుండగా ఈగపిల్ల బయటికొచ్చిందా, చచ్చాక వచ్చిందా అన్నది రాసి ఉంటేనే ఫొటోకి అర్థం.

జనవరి ఆఖరు

ఈగపిల్లలు బయటికొచ్చాయి. టిష్యూ కింద దూరి, తోలు గట్టిపడి గోధుమరంగు గింజల్లాగా అయ్యాయి. ఈ గుల్ల లోపలే ఈగ తయారవుతుంది. చాలామంది ఈగ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తూ గుల్లని ఫొటో తియ్యరు. తియ్యాలి, అది కదలదు, పారిపోదు, వెంట్రుకలు రాల్చుకోదు.

గుల్ల వెనక కొసన రెండు నల్లటి పలకలుంటాయి, వాటిలో సన్నటి చీలికలు. ఈగపిల్ల గాలి పీల్చిన రంధ్రాలవి. మాంసపు ఈగ గుల్లకి ఈ పలకలు లోతైన గుంటలో దిగిపోయి ఉంటాయి, వెనకనుంచి చూస్తే గుంట నోరు తప్ప ఏమీ కనబడదు. మా డబ్బాల్లోవాటికి పలకలు పైకే, ఉపరితలం మీదే ఉన్నాయి. గ్రాఫు కాగితం మీద పెట్టి, కొస లెన్సు వైపు తిప్పి తీస్తే ఫోనుతోనే చీలికల దాకా వచ్చింది. పెద్ద ఈగని చూడకముందే మాంసపు ఈగ కాదని దాదాపు తేలిపోయింది. ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే సంతోషం కలిగించిన ఫొటో ఇదే.

తరవాత ఈగలు పుట్టాయి. నుదుటి మీంచి ఒక తెల్లటి సంచి ఉబ్బించి, దానితో గుల్ల మూత తోసుకుని వస్తాయి. కాసేపటికి సంచి లోపలికి పోతుంది. అప్పుడే వచ్చిన ఈగ పాలిపోయి, రెక్కలు ముడతలుపడి ఉంటుంది. ఆ పూట దాని రంగు ఏదీ నమ్మొద్దు. కాళ్ళు పసుపుగా, స్కుటెల్లం లేతగా కనబడ్డవి మర్నాటికి నల్లబడతాయి. రంగు నిలబడ్డాక, ఫ్రిజ్‌లో కాసేపు ఉంచి, చల్లబడి కదలకుండా ఉన్నప్పుడు గ్రాఫు కాగితం మీద పెట్టి పైనుంచి, పక్కనుంచి, ముఖం ఎదురుగా తీశాం. మళ్ళీ వెచ్చబడగానే లేచి తిరిగాయి.

ఎక్సోరిస్టా అనడానికి ఇప్పుడు చాలా ఆధారాలున్నాయి. గుడ్డు బయట అంటించి ఉంది, పురుగు బతికుండగానే ఈగపిల్ల వచ్చింది, గుల్ల లక్షణాలు సరిపోయాయి, వీపుమీద నాలుగు చారలు, మీసం పోగు నున్నన, సబ్‌స్కుటెల్లం ఉబ్బు ఉంది. దేశంలో కత్తెర పురుగు మీద ఎక్సోరిస్టా ఈగల్ని ముందే నమోదు చేశారు కూడా. ఆడామగా తేడా కూడా ఫొటోలో తెలుస్తోంది: మగదానికి రెండు కళ్ళ మధ్య నుదురు ఇరుకు, ఆడదానికి వెడల్పు, ఆడదాని కంటి పక్కన ముందుకి వంగిన బిరుసు వెంట్రుకలు రెండు అదనం.

జాతి దగ్గరికొచ్చేసరికి ఆగాను. ఎక్సోరిస్టా జాంతాస్పిస్‌కి స్కుటెల్లం పసుపు అంటారు. మా ఫొటోల్లో కొన్నిటికి కొస పసుపుగా ఉంది, కొన్నిటికి ఎరుపు కలిసిన గోధుమ. ఈ ప్రజాతిలో స్కుటెల్లం కొస లేతగా ఉండే జాతులు వేరేవీ ఉన్నాయి. ఊజీ ఈగ పేరే ఎన్నోసార్లు మారింది: ఒకప్పుడు ట్రైకోలైగా అన్నారు, తరవాత చాలాకాలం ఎక్సోరిస్టా సార్బిలాన్స్ అన్నారు, ఇప్పుడు ఎక్సోరిస్టా బాంబిసిస్ అంటున్నారు. నిపుణులే ఇన్నిసార్లు సర్దుకున్న చోట నా ఫోను ఫొటో చూసి నేను తీర్పు చెప్పను. జాతి తేలాలంటే మగ ఈగ పొట్ట కొస విప్పి, జననాంగాల ఆకారం మైక్రోస్కోపు కింద చూడాలి. బతికున్న ఈగ ఫొటోలో అవి పొట్ట కిందకి ముడుచుకుని ఉంటాయి.

అందుకని ఫైళ్ళకి పేర్లు పెట్టే పద్ధతి మార్చాను. ఒట్టి "ఎక్సోరిస్టా" అని కాకుండా "ఎక్సోరిస్టా – కత్తెర పురుగు – మెడ గుడ్డు – బతికున్నదాన్నుంచి – మగ" అని. చేలో ఆకుమీద తీసిన ఈగకి, అచ్చం అలాగే కనబడినా, "టాకినిడే" అనే ఉంది. చూపుకి ఒకటే, సాక్ష్యం మాత్రం ఒకటి కాదు.

ఫిబ్రవరి మొదట్లో

కవిటి వైపు ఉద్దానంలో కొబ్బరి తోటలున్న మిత్రుడికి ఈ పని గురించి చెప్తే వాట్సాప్‌లో ఈగల ఫొటోలు పంపడం మొదలుపెట్టాడు. కొబ్బరి ఆకు తినే నల్లతల పురుగుని ఆశించే టాకినిడ్‌లు ఉన్నాయి కాబట్టి నాకూ ఆశగానే ఉంది. వచ్చిన వాటిలో ఆకుపచ్చగా మెరిసేవన్నీ పెంట ఈగలు, మొదటి చూపులోనే తీసేశాను. బూడిదరంగువి పెద్దవి చేసి చూస్తే అరిస్టా ఉండాల్సిన చోట మసక. కెమెరాది కాదు దోషం. వాట్సాప్ ఫొటోని కుదించేటప్పుడు మొదట పోయేవి సన్న వెంట్రుకలే, ఈగకి పేరు చెప్పేవీ అవే. ఫొటోలాగా కాకుండా డాక్యుమెంటుగా పంపమన్నాను. అదే ఫొటో మళ్ళీ వచ్చింది, ఈకల పోగు సగం దాకా స్పష్టంగా కనబడింది. మాంసపు ఈగ. మిత్రుడు కొంచెం నిరాశపడ్డాడు గానీ, ఇప్పుడు అతను పక్కనుంచి తీస్తున్నాడు, డాక్యుమెంటుగానే పంపుతున్నాడు.

పొగాకు లద్దె పురుగు డబ్బాలోంచి నాలుగు మిల్లీమీటర్ల బుల్లి ఈగలొచ్చాయి. రెక్క ఈనెల మీద పైవైపున వరసగా చిన్న ముళ్ళు. లద్దె పురుగు మీద పెరిబేయా ఆర్బాటా అనే చిన్న టాకినిడ్ మన దేశంలో ఉన్న సంగతి తెలిసిందే, ఆ ముళ్ళు దానికి సరిపోతాయి. ఫోనుకి ఇంతకంటే చిన్నది అందదు. పెరిబేయా చేరే తెగ పేరు, "సిఫోనిని తెగ" అని రాసి అక్కడ వదిలాను.

ఫిబ్రవరి రెండో వారం

పక్క చేనువాళ్ళు మందు కొట్టారు. ఇమామెక్టిన్ బెంజోయేట్, పది లీటర్లకి నాలుగు గ్రాములు, సుడిలో పడేలా. అది సిఫార్సు చేసిన మోతాదే, వాళ్ళని తప్పుపట్టను.

మావయ్య అడిగిన ప్రశ్నకి మాత్రం ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను. "నీ గుడ్డున్న పురుగుని ఒగ్గేస్తే అది నా మొవ్వు తినడం మానేస్తాదేటి?" అన్నాడు. మానదు. ఈగపిల్ల పెద్దయ్యేదాకా పురుగు బతికే ఉంటుంది, తింటూనే ఉంటుంది. ఈ మొక్కకి ఈగ వల్ల లాభం తక్కువ. ఆ పురుగు రెక్కల పురుగై మళ్ళీ గుడ్లు పెట్టకపోవడం, దాని బదులు ఈగలు చేలోకి రావడం, ఇదీ లాభం. వచ్చే విడత పురుగుకీ, పక్క చేనుకీ, వచ్చే పంటకీ పనికొచ్చేది. రైతు అప్పు తీర్చాల్సింది ఈ పంటతో కదా. ఈ మాట దాచిపెట్టి "మిత్ర పురుగు" అని పోస్టరు వెయ్యడం నాకిష్టం లేదు.

మా ఇద్దరికీ కుదిరిన మధ్యస్థం ఇది: పురుగుల్ని ఏరినప్పుడు మెడమీద తెల్లచుక్క ఉన్నవాటిని నలపకుండా, గుడ్డ కట్టిన బకెట్లో ఆకుతోపాటు వెయ్యడం. బకెట్లో అవి ఒకదాన్నొకటి తినకుండా మధ్యమధ్య అట్టముక్కలు పెట్టాం. ఈగలు పుట్టాక గుడ్డ విప్పి చేలోనే వదిలేస్తాం. పురుగు చేనుకి దూరంగా ఉంటుంది, ఈగ చేనుకి దక్కుతుంది. మావయ్య దీన్ని పాటిస్తున్నాడు. పురుగు మరీ ఎక్కువైన సాళ్ళలో తవుడు, బెల్లం, థయోడికార్బ్ కలిపిన విషపు ఎర సుడిలో వేశాడు, మొత్తం చేనుకి మందు కొట్టలేదు.

మార్చి మొదట్లో

కంకులు గట్టిపడుతున్నాయి. సుడుల్లో పురుగు తగ్గింది, డబ్బాలూ ఖాళీ అవుతున్నాయి.

చనిపోయిన ఈగల్ని సన్న సూదులకి గుచ్చి ఆరబెట్టాను, మగవాటిని విడిగా. బెంగళూరులో జాతీయ వ్యవసాయ కీటక వనరుల బ్యూరో ఉంది, ఇలాంటివి చూసి జాతి చెప్పగలిగే చోటు అది. పంపేముందు ప్రతి సూది కింద చిన్న చీటీ. పెన్సిల్‌తో రాస్తే చెరగదు: శ్రీకాకుళం జిల్లా, లావేరు మండలం, తేదీ, కత్తెర పురుగు నుంచి, మొక్కజొన్న. ప్రతి సూదికీ ఆ ఈగ బతికున్నప్పటి మూడు ఫొటోలు, దాని గుల్ల ఫొటో, అది వచ్చిన పురుగు మెడ ఫొటో ఒకే సంఖ్యతో జతచేశాను. సూదిమీది ఈగకి వాళ్ళు జాతి పేరు చెప్తే, ఆ పేరుకి బతికున్న ఈగ ఫొటోలు మా దగ్గర ఉంటాయి. అప్పుడు చూడాలి, స్కుటెల్లం పసుపు నిజంగా నమ్మదగ్గ గుర్తేనా కాదా అన్నది. నమ్మదగ్గదైతే చేలో ఆకుమీద తీసిన పాత ఫొటోలు కూడా కొన్ని పైమెట్టుకి ఎక్కుతాయి. కాకపోతే "టాకినిడే" దగ్గరే ఉంటాయి.

గట్టు అవతల ఇసుక నేలలో బెజ్జాలు తవ్వే కందిరీగల వెనకాల ఎగిరే చిన్న బూడిద ఈగలు కొన్ని ఫోల్డరులో పేరు లేకుండా పడున్నాయి. కందిరీగ తన పిల్లలకి తెచ్చిన ఎరమీద ఇవి తమ పిల్లల్ని వదుల్తాయి. మాంసపు ఈగల చుట్టాలే అనిపిస్తోంది, కానీ వాటిలో చాలావాటికి అరిస్టా నున్నగా ఉంటుంది కాబట్టి ఇక్కడ మీసం గుర్తు పనిచెయ్యదు. సబ్‌స్కుటెల్లం ఒక్కటే దిక్కు. వేసవిలో ఆ బెజ్జాల దగ్గర నేలమీద పడుకుని తియ్యాలి.

రాజాం అవతల రేగిడి వైపు చెరకు నరికేస్తున్నారట. మోళ్ళలో గులాబీరంగు కాండం తొలిచే పురుగు దొరుకుతుంది. స్టర్మియాప్సిస్ ఉంటే వాటిలోనే ఉండాలి. దానికి బయట గుడ్డు ఉండదు, మెడ చూసి లాభం లేదు, మోడు చీల్చి పురుగుని తెచ్చి డబ్బాలో పెట్టాల్సిందే. ఫైనలియర్ అమ్మాయి వాళ్ళ అమ్మమ్మగారి ఊరు అటే. ఆదివారం కత్తీ, డబ్బాలూ పట్టుకుని వెళ్తున్నాం.